"పాలు చాలట్లేదు" అనే ముందు: బాలింత, పసిబిడ్డ, మొదటి ఆరు వారాలు

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా రాజమహేంద్రవరంలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, నెలలు నిండుతున్న గర్భిణులు, వాళ్ళ కుటుంబ సభ్యుల ముందు ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని చేర్చాం.)

అందరికీ నమస్కారమండీ. గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్నలు, తాతయ్యలు లోపలికొచ్చి కూర్చోండి. ఇదేదో ఆడవాళ్ళ మీటింగనుకుని అక్కడే ఆగిపోతే ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం చేరాల్సిన వాళ్ళకి చేరదు.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లని నెలనెలా చెకప్‌కి తీసుకెళ్తాం. స్కానింగులు తీయిస్తాం, సీమంతం చేస్తాం, ఏం తినాలనుందని అడిగి మరీ వండిపెడతాం. కాన్పు అయిన మర్నాటి నుంచి అందరి కళ్ళూ బిడ్డ మీదే. డిశ్చార్జి అయ్యాక ఆరు వారాలు ఎలా గడుస్తాయో ఆ పిల్లని కూర్చోబెట్టి ముందుగా చెప్పేవాళ్ళే ఉండరు. నా ఓపీకి పది, పన్నెండు రోజుల బిడ్డల్ని తెస్తారు. చాలాసార్లు బిడ్డకి ఏ లోటూ ఉండదు. తల్లికే కళ్ళు పీక్కుపోయి ఉంటాయి. ఏమ్మా అంటే ఆవిడ నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దావిడ అంటారు: "పాలు చాలట్లేదండీ, డబ్బాపాలు ఏవి మంచివో రాసివ్వండి." ఇవాళ ఎక్కువసేపు ఆ మాట గురించే మాట్లాడతాను. ఎందుకంటే మొదటి వారాల్లో పాల గొడవ, నిద్ర గొడవ, బాలింత నీరసం, ఇంట్లో మాటామాటా పెరగడం, వీటిలో చాలావాటికి మొదలు అక్కడే.

ఆ మాట పుట్టేది సాధారణంగా రెండో రోజు రాత్రి. పుట్టిన మొదటి రోజు బిడ్డ ఎక్కువగా పడుకుంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని అందరూ మురిసిపోతారు. రెండో రోజు చీకటి పడ్డాక మొదలవుతుంది. రొమ్ము పట్టిస్తే పది నిమిషాలు తాగి నిద్రపోతుంది, పక్కలో వేయగానే లేచి ఏడుస్తుంది. మళ్ళీ పట్టిస్తే మళ్ళీ అంతే. రాత్రి రెండైనా ఇదే వరస. తల్లి రొమ్ము ఇంకా మెత్తగానే ఉంటుంది, పిండి చూస్తే రెండు చుక్కలు వస్తాయి. ఇంకేముంది, "పాపం, పాలు పడలేదు" అని తీర్మానం చేసేస్తారు. తెల్లారేసరికి మంచం పక్కన డబ్బా ఉంటుంది.

అసలు అక్కడ జరుగుతున్నదేమిటో చూడండి. మొదటి రోజు బిడ్డ ఒక్కసారికి తాగేది టీస్పూను అటూఇటూ, అంతే. ముర్రుపాలు వచ్చేదీ అంతే కొద్దిగా, చిక్కగా, పసుపుపచ్చగా. రోగాలను అడ్డుకునే పదార్థాలు వాటిలో నిండుగా ఉంటాయి. పాలు బాగా దిగేది మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో. సిజేరియన్ అయినవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో రోజు ఆలస్యం కావచ్చు. ఆ రెండో రాత్రి బిడ్డ అదేపనిగా చీకడం రాబోయే పాలకి ఇచ్చే పిలుపు. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అందులోనూ రాత్రిపూట ఎక్కువ. రొమ్ము ఖాళీ అయితేనే కొత్త పాలు తయారవుతాయి. ఖాళీ కాకుండా నిండుగా ఉంటే తయారీ తగ్గించమని లోపలే ఒక సంకేతం వెళ్తుంది. తోడేకొద్దీ ఊరే చెలమ అనుకోండి.

ఇప్పుడా రాత్రి రెండింటికి సీసాతో 60 ఎంఎల్ పట్టారనుకోండి. బిడ్డ గటగటా తాగేస్తుంది. "చూశారా, ఎంత ఆకలి మీదుందో!" అంటారు. సీసాలోంచి పాలు ఆగకుండా వస్తుంటే పసిబిడ్డకి మింగడం తప్ప దారి లేదండీ. అది ఆకలికి రుజువు కాదు. ఒక్కసారిగా అన్ని పాలు పడ్డాక నాలుగు గంటలు మొద్దునిద్ర పోతుంది. ఆ నాలుగు గంటలూ తల్లి రొమ్ముని ఎవరూ చీకలేదు. మర్నాడు పాలు ఇంకా తగ్గుతాయి, ఇంకో సీసా కలుపుతారు. వారం తిరిగేసరికి "మేం ముందే చెప్పాం కదా, దానికి పాలు లేవని" అన్న మాట నిజమై కూర్చుంటుంది. లేక తగ్గలేదండీ, రానివ్వక తగ్గాయి.

అలాగని డబ్బాపాలు ఎప్పుడూ వద్దనను. బిడ్డ బరువు పది శాతానికి మించి పడిపోయినా, రక్తంలో షుగర్ తగ్గినా, తల్లి ఐసీయూలో ఉన్నా పై పాలు అవసరం రావచ్చు. అప్పుడు కూడా ముందు చూసేది తల్లి చేత్తో పిండిన పాలు, ఆ తర్వాత మిల్క్ బ్యాంకు పాలు, అంటే వేరే తల్లులు దానమిచ్చినవి. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో అలాంటి బ్యాంకు ఉంది. అవేవీ కుదరనప్పుడే డబ్బా. పట్టేది కూడా సీసాతో వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టండి. అమ్మమ్మల ట్రంకు పెట్టెల్లో ముక్కున్న చిన్న వెండి గిన్నె ఉంటుంది చూడండి, దాన్ని వేడినీళ్ళలో మరిగించి వాడండి. డాక్టరు చూసి, ఇన్ని ఎంఎల్, ఇన్ని రోజులు అని రాసిచ్చిన డబ్బాపాలు మందులాంటివే. వాటికి ఏ తల్లీ సిగ్గుపడక్కర్లేదు. రాత్రి రెండింటికి టెన్షన్‌లో కొనుక్కొచ్చిన డబ్బాతోనే నా పేచీ. 1992లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో పాలడబ్బాకి, పాలసీసాకి ప్రకటనలు ఇవ్వకూడదు. ఇక దాని ప్రచారం మన ఇళ్ళలో మనమే చేస్తే ఎలా?

మరి పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి? ఇది మాత్రం రాసుకోండి. ఏడుపుని బట్టి కాదు, రొమ్ము మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని నొక్కి చూసి కాదు. గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి రోజు కనీసం ఒక్కసారి ఒంటికి పోయాలి. రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అలా పెరుగుతూ ఐదారు రోజులకి రోజుకి ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు లేత రంగులో పోయాలి. మొదటి రెండు రోజులు దొడ్డికి నల్లగా, తారులా వెళ్తుంది. మూడో రోజుకి ఆకుపచ్చగా మారి, నాలుగైదు రోజులకి పసుపుపచ్చగా, పలుకు పలుకుగా అయితే పాలు లోపలికి వెళ్తున్నట్టే. మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుక పొడి రంగు మరక కనిపిస్తే రక్తమని హడలిపోకండి. ఐదో రోజు తర్వాత కూడా అదే రంగు ఉంటే మాత్రం చూపించండి.

బరువు సంగతి కూడా విని పెట్టుకోండి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ నాలుగో రోజుకి 2.8కి దిగొచ్చు. ఇది మామూలే. పది, పధ్నాలుగు రోజుల్లో పుట్టిన బరువుకి వచ్చేయాలి. అక్కడి నుంచి రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. గుడ్డల లెక్క, బరువు లెక్క రెండూ సరిపోతే పక్కింటి పిన్నిగారు ఏమన్నా పట్టించుకోకండి.

ఇక పట్టు గురించి, అంటే బిడ్డ రొమ్ముని నోట్లోకి తీసుకునే తీరు గురించి. పాలు చాలట్లేదన్న చోట నిజంగా లోపముంటే చాలాసార్లు అది పట్టులోనే ఉంటుంది. చనుమొన ఒక్కటే నోట్లో పెడితే బిడ్డ దాన్ని నములుతుంది. తల్లికి ప్రాణం పోతుంది, పాలూ రావు. బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి, పొట్ట మీ పొట్టకి ఆనాలి. మీరు వంగి రొమ్ముని బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళకండి, బిడ్డనే మీ దగ్గరికి తెచ్చుకోండి. బిడ్డ ముక్కు మీ చనుమొనకి ఎదురుగా రావాలి. చనుమొనతో పై పెదవిని తాకించి ఆగండి. బిడ్డ ఆవలించినంత వెడల్పుగా నోరు తెరిచే దాకా ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. తెరిచిన క్షణంలో బిడ్డని దగ్గరికి లాక్కోవాలి. గడ్డం రొమ్ముకి ఆనుతుంది, కింది పెదవి బయటికి మడిచినట్టు ఉంటుంది, నల్లటి వలయం కింది భాగం ఎక్కువగా నోట్లోకి పోయి పైన కాస్త కనిపిస్తుంది. మొదట గబగబా నాలుగుసార్లు చీకడం, తర్వాత నెమ్మదిగా, లోతుగా చీకడం, మధ్యలో మింగుతున్న చప్పుడు. అదీ సరైన పట్టు. మొదటి అర నిమిషం తర్వాత కూడా భరించలేని నొప్పి ఉంటే బిడ్డ నోటి మూలలో చిటికెన వేలు పెట్టి విడిపించి మళ్ళీ మొదలుపెట్టండి. పంటి బిగువున భరించకండి. చనుమొనలు పగిలేది అలానే.

ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42, తెలంగాణలో 60 పైన సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. కాబట్టి ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి కుట్ల నొప్పితోనే పాలివ్వాల్సి వస్తుంది. పక్కకి తిరిగి పడుకుని ఇవ్వొచ్చు. లేదా బిడ్డని చంక కిందుగా, కాళ్ళు మీ వీపు వైపుకి పోయేలా దిండు మీద పెట్టుకోండి, కుట్ల మీద బరువు పడదు. మీకు తెలివి రాగానే బిడ్డని గుండె మీద వేయమని ముందే అడిగి పెట్టుకోండి. నార్మల్ అయినా, సిజేరియన్ అయినా మొదటి గంటలోపే రొమ్ముకి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర ఆ గంటంతా చుట్టాలకి ఫొటోలు పంపడంతోనే సరిపోతోంది.

రోజుకి ఎన్నిసార్లు ఇవ్వాలంటారా? ఎనిమిది నుంచి పన్నెండు. గడియారం చూడక్కర్లేదు, బిడ్డని చూడండి. నోరు తిప్పి వెతుక్కోవడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, నాలుక బయట పెట్టడం, ఇవి ఆకలి గుర్తులు. ఏడుపు ఆఖరి గుర్తు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అయితే అరగంటకోసారి అడుగుతారు. మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు రెండు మూడు రోజులపాటు రోజంతా అలానే అడుగుతారు. అప్పుడు కూడా "పాలు తగ్గిపోయాయి" అంటారు. తగ్గలేదు, బిడ్డ రేపటికి ఆర్డరు పెట్టుకుంటోంది. ఇచ్చేయండి.

పాలు పడ్డ రోజుల్లో రొమ్ములు రాయిలా గట్టిపడితే పట్టడానికి ముందు గోరువెచ్చని గుడ్డ, తర్వాత చల్లని గుడ్డ వేయండి. బిడ్డకి పట్టు దొరకనంత బిగువుగా ఉంటే చేత్తో కాస్త పిండి మెత్తపరచండి. ఒకచోట ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ వైపు పాలు మాత్రం ఆపకండి. "జ్వరం పాలు" అంటూ మాన్పిస్తే లోపల చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు నిద్ర. అప్పుడే పుట్టిన బిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది. ఇన్ని గంటలు పడుకుంటే తల్లికి నిద్ర లేకపోవడమేమిటని కొందరు మగవాళ్ళు అమాయకంగా అడుగుతారు. ఆ నిద్ర రెండేసి గంటల ముక్కల్లో వస్తుంది నాయనా. రాత్రీ పగలూ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పగలు కిటికీ తెరిచి వెలుతురులో, ఇంటి చప్పుళ్ళ మధ్యే పడుకోబెట్టండి. రాత్రి చిన్న లైటు వేసి, మాటలు తగ్గించి, పాలిచ్చి పడుకోబెట్టేయండి. అంతకుమించి చేయగలిగింది లేదు. నెల బిడ్డకి నిద్ర అలవాటు చేస్తామని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళని నమ్మకండి.

బిడ్డ నిద్రని మనం మార్చలేం, తల్లి నిద్రని మార్చగలం. ఇక్కడికి మిమ్మల్నందరినీ పిలిచింది ముఖ్యంగా దీనికే. పాలివ్వడం ఒక్కటే తల్లి చేయాల్సిన పని. బిడ్డని ఎత్తి అందించడం, తాగాక భుజాన వేసుకుని త్రేనుపు రప్పించడం, గుడ్డ మార్చడం, నిద్రపుచ్చడం, ఇవన్నీ ఎవరైనా చేయొచ్చు. ఒక ఇంట్లో చేసిన ఏర్పాటు చెప్తాను, నాకు బాగా నచ్చింది. రాత్రి తొమ్మిదికి బాలింత పాలిచ్చి పడుకుంటుంది. పన్నెండు దాకా బిడ్డ అమ్మమ్మ దగ్గర, వేరే గదిలో. ఆకలి గుర్తులు కనిపిస్తే తీసుకొచ్చి పక్కలో పెట్టి పట్టిస్తారు, తాగగానే తీసుకెళ్ళిపోతారు. పన్నెండు నుంచి నాలుగు దాకా భర్త డ్యూటీ. పొద్దున ఆరింటికి పాలిచ్చాక మళ్ళీ రెండు గంటలు తల్లి తలుపు ఎవరూ తట్టకూడదు. పనిమనిషైనా, చూడ్డానికొచ్చిన పెద్దమ్మగారైనా సరే. చూడ్డానికొచ్చేవాళ్ళని సాయంత్రం ఐదు తర్వాత రమ్మని ఆ తాతగారే ఫోన్ చేసి చెప్పేవారు. కూతురు ఆ మాట చెప్తే పొగరంటారు, ఆయన చెప్తే సరేనంటారు. అందుకే ఆ పని ఆయనకి ఇచ్చారు.

అమ్మాయి పుట్టింట్లో, అల్లుడు ఉద్యోగం చేసే ఊళ్ళో ఉంటే ఏం చేయాలని అడుగుతారు. నెల రోజుల సెలవు దొరకదు, నిజమే. ఉన్న సెలవులన్నీ బారసాలకి దాచుకోకుండా మొదటి వారానికే పెట్టుకోండి. బారసాలకి వంటవాళ్ళు దొరుకుతారు, ఆ వారానికి మాత్రం మీరే కావాలి.

పడుకోబెట్టడం ఎలాగంటే, వెల్లకిలా, గట్టి పరుపు మీద లేదా నేల మీద బొంత వేసి. బోర్లా వద్దు. బిడ్డ చుట్టూ దిండ్లు, మెత్తటి బొమ్మలు, బరువైన దుప్పట్లు వద్దు. ఒకే పక్కలో పడుకోవడం మన ఇళ్ళలో మామూలే. అయితే తాగి ఉన్నవాళ్ళు, సిగరెట్ కాల్చేవాళ్ళు, నిద్రమాత్రలు వేసుకున్నవాళ్ళు ఆ పక్కలో ఉండకూడదు. సోఫాలో కూర్చుని బిడ్డని గుండె మీద వేసుకుని నిద్రలోకి జారుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

తల్లి ఒంటి సంగతికొస్తాను. కాన్పు తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు మైల అవుతుంది. మొదట ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, ఆపైన తెల్లగా తగ్గుతూ పోవాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, దుర్వాసన వస్తున్నా, 100.4 దాటి జ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకొకటి ఎవరూ చెప్పనిది: కాన్పు అయ్యాక కూడా ఆరు వారాల దాకా బీపీ పెరగొచ్చు. తల పగిలిపోయే నొప్పి, కళ్ళు మసకలు కమ్మడం ఉంటే "నిద్ర లేక" అని సర్దుకోకండి. బీపీ చూపించండి. ఐరన్ మాత్రలు కాన్పుతో ఆగిపోవు, ఆ తర్వాత 180 రోజులు వేసుకోవాలి. సిజేరియన్ అయినవాళ్ళు బిడ్డకంటే బరువైనదేదీ ఎత్తొద్దు. అలాగని మంచానికే అతుక్కుపోనూ వద్దు. మెల్లగా ఇంట్లోనే నాలుగడుగులు వేస్తుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టదు.

పథ్యం. ఇక్కడ పెద్దవాళ్ళకి కోపం వస్తుంది, కాస్త ఓర్చుకోండి. వెల్లుల్లి కారం, కాయం, మునగాకు, పచ్చి బొప్పాయి కూర, సొరచేప పుట్టు, ఇవి పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. సొర పుట్టులో మంచి మాంసకృత్తులున్నాయి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి ఇంకో 600 కేలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. ఇంకో పూట భోజనమంత అన్నమాట. మరి మనం ఏం చేస్తున్నాం? పప్పు వాతం, పెరుగు చలవ, పళ్ళు జలుబు అంటూ ఒక్కొక్కటే తీసేసి కారప్పొడి అన్నం మిగులుస్తున్నాం. అన్నిటికంటే అన్యాయం నీళ్ళు. "బాలింతకి నీళ్ళు ఎక్కువిస్తే పొట్ట వస్తుంది" అని గ్లాసు లెక్కన ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పాలివ్వడానికి కూర్చోగానే గొంతు తడారిపోతుంది, ఆ సంగతి పాలిచ్చిన ప్రతి తల్లికీ తెలుసు. మీకూ తెలుసు, మరిచిపోయారు. నీళ్ళు తగ్గితే మలబద్ధకం, మలబద్ధకంతో కుట్లకి నొప్పి. ఆ నొప్పికి భయపడి ఆ పిల్ల తిండి తగ్గిస్తుంది. చెంబుడు నీళ్ళు చేతికందే చోట పెట్టండి. పొట్టకీ ఆ నీళ్ళకీ సంబంధం లేదు.

బిడ్డకి నీళ్ళు పోసే పెద్దమ్మలకి ఓ దండం పెట్టి నాలుగు మాటలు. ముక్కులో, చెవుల్లో నూనె వేయొద్దు. నోట్లో వేలు పెట్టి గల్ల తీయొద్దు. వస, ఆముదం, తేనె నాకించొద్దు. తేనెతో ఏడాది లోపు పిల్లలకి బొటులిజం అనే ప్రాణాపాయం రావొచ్చు. మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటాయి, తల్లి హార్మోన్ల వల్ల. వాటిని పిండొద్దు. పిండిన చోట చీము పట్టి ఆపరేషన్ దాకా వచ్చిన బిడ్డల్ని చూశాను. ఆడబిడ్డకి మొదటి వారంలో కొద్దిగా ఎరుపు కనిపించినా అదే కారణం, దానంతటదే పోతుంది. బొడ్డుకి ఏమీ రాయకండి, పొడిగా ఉంచితే ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. కాటుక కంట్లో వద్దు, దిష్టికైతే అరికాల్లో చుక్క పెట్టుకోండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు.

పచ్చకామెర్లు రెండు మూడు రోజులకి చాలామంది పిల్లల్లో కనిపిస్తాయి, వారం పది రోజుల్లో తగ్గుతాయి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడ్డా, అరచేతులు, అరికాళ్ళ దాకా పచ్చదనం దిగినా ఎండలో పెట్టి కూర్చోకండి. ఎండ వైద్యం కాదు. లైటు కింద పెట్టాలో లేదో ఆసుపత్రిలో పరీక్ష చేసి చెప్తారు. బిడ్డ పాలు తాగడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, నిమిషానికి 60కి పైన ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు కాలుతున్నా, చల్లబడ్డా, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. ఆశా వర్కర్ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి, అది మీ హక్కు.

ఇక మనసు. మూడు నుంచి ఐదో రోజు మధ్యలో, సరిగ్గా పాలు దిగే వేళకి, కారణం లేకుండా కన్నీళ్ళొస్తాయి. ఎక్కువమందికి వస్తాయి. రెండు వారాల్లో పోతాయి. అలా పోకుండా బిడ్డ మీద ఇష్టం పుట్టకపోవడం, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, "నేనెందుకూ పనికిరాను" అనుకోవడం ఉంటే అది జబ్బు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో వేసిన లెక్క ప్రకారం దాదాపు ఐదుగురు బాలింతల్లో ఒకరికి ఉంటుంది. మందులున్నాయి, పాలిస్తూ వాడదగ్గవే ఉన్నాయి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. లేనివి కనిపిస్తున్నాయన్నా, బిడ్డకి ఏదో చేస్తారని అనుమానపడుతున్నా, తనకో బిడ్డకో హాని చేసుకునే మాటలన్నా అది ఎమర్జెన్సీ. గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిరిగితే ఆ రెండ్రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. "మేమందరం కనలేదా" అన్న మాట దయచేసి అనకండి. మీరు కన్నప్పుడు ఇంట్లో ముగ్గురు పెద్దమ్మలు, ఇద్దరు పిన్నులు ఉన్నారు. ఇప్పుడు రెండు గదుల ఫ్లాటులో ఒక్క అమ్మ ఉంది, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అమ్మమ్మ: తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టి పెట్టుకున్నానండీ. అదీ వద్దా?)

కష్టపడి కుట్టారు, వద్దనడానికి బాధగానే ఉంది. కానీ వద్దమ్మా. దిండు ఏదైనా సరే, మొదటి ఏడాది వద్దు. కుట్టు ఊడితే ఆవాలు ముక్కులోకి పోతాయి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని చూస్తూ కాసేపు బోర్లా వేయండి. పడుకునేటప్పుడు ఒకరోజు తల అటు, ఒకరోజు ఇటు తిప్పండి. తల దానంతటదే సర్దుకుంటుంది.

(ఒక పెద్దావిడ: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుందండీ. వచ్చే నెల పురిటికి మేమే వెళ్తున్నాం. అక్కడి పద్ధతులు వేరంటున్నారు.)

వెళ్ళి రండమ్మా, సూట్‌కేసులో కారప్పొడులు కూడా పట్టుకెళ్ళండి, కస్టమ్స్‌వాళ్ళు ఊరుకున్నంత వరకు. అక్కడ బిడ్డని వెల్లకిలా, ఒంటరిగా ఉయ్యాలమంచంలో పడుకోబెట్టమని గట్టిగా చెప్తారు. 1994లో అమెరికాలో అదే మాట ఊరూవాడా ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. కాబట్టి ఆ విషయంలో అమ్మాయితో వాదన పెట్టుకోకండి. అక్కడ పనిమనిషి ఉండదు, అల్లుడు త్వరగా ఆఫీసుకి వెళ్ళాలి. మీరు చేయగలిగే పెద్ద సాయం వంట, గిన్నెలు, ఇంకా పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా బిడ్డని మీ గదిలో ఉంచుకోవడం.

(ఒక యువకుడు: మేడమ్, రాత్రి ఒక్కపూట నేను డబ్బాపాలు పడితే తనకి నిద్ర దొరుకుతుంది కదా?)

మీ ఉద్దేశం మంచిది బాబూ. మొదటి నాలుగు వారాలు ఆగండి, పాలు కుదురుకోనివ్వండి. ఆ తర్వాత తను పగలు పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు మీరు రాత్రి పట్టొచ్చు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, బయట నాలుగు గంటలు. మన మే నెల ఎండల్లో బయట పెట్టకపోవడమే మంచిది. నేరుగా పొయ్యి మీద కాచకండి, వేడినీళ్ళ గిన్నెలో ఆ పాత్ర పెట్టి గోరువెచ్చన చేయండి. అప్పటిదాకా మీ పని బిడ్డని తెచ్చి అందించడం, తాగాక తీసుకోవడం. అది తక్కువ పనేం కాదు, నాలుగు రాత్రులు చేసి చూడండి.

(ఒక గర్భిణి: సాయంత్రమయ్యేసరికి గంటలు గంటలు ఏడుస్తారంట కదా. మా అక్క కొడుకు అలాగే ఏడ్చేవాడు. గ్రైప్ వాటర్ పట్టొచ్చా?)

అవసరం లేదమ్మా. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు, డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మినహా. ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరు వారాలకి తారస్థాయికి వెళ్తుంది, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. పాలిచ్చి, గుడ్డ చూసి, జ్వరం లేదని చూసుకుని, భుజాన వేసుకుని తిరగండి. ఓపిక నశిస్తే ఇంకొకరికి ఇచ్చేయండి. ఎవరూ లేకపోతే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు బయటికి రండి. ఏడ్చినంత మాత్రాన బిడ్డకేమీ కాదు. కోపంలో పట్టుకుని ఊపితే మాత్రం మెదడులో రక్తస్రావం అవుతుంది.

టైమైపోయిందంటున్నారు. అక్కడ మా సిస్టర్‌గారు బొమ్మతో పట్టు ఎలా పట్టించాలో, ఉగ్గుగిన్నెతో ఎలా తాగించాలో చూపిస్తారు. ముందు నాన్నలు రండి, త్రేనుపు రప్పించడం మీకే నేర్పమన్నాను. ఆవాల దిండు అమ్మమ్మగారూ, మీరూ రండి, మీ అనుభవం ఆవిడకి పనికొస్తుంది.